34 లక్షలు అమ్మినా ఫ్లాపేనా? గేమ్ కంపెనీల "అంచనాలు" చదవడం ఎలా

2013 మార్చి 5న కొత్త టూంబ్ రైడర్ గేమ్ వచ్చింది. నెల తిరక్కుండానే 34 లక్షల కాపీలు అమ్ముడయ్యాయి. అదే నెలాఖరులో దాన్ని పబ్లిష్ చేసిన స్క్వేర్ ఎనిక్స్ ఏం చెప్పిందో తెలుసా? గేమ్ మా అంచనాలు అందుకోలేదు, ఈ ఏడాది 350 కోట్ల యెన్ లాభం వస్తుందనుకున్న చోట 1,300 కోట్ల యెన్ నష్టం వచ్చేలా ఉంది అని. ప్రెసిడెంట్ యోయిచి వాడా కుర్చీ దిగిపోయారు. ఇదే గేమ్ తర్వాతి ఏళ్లలో కోటికి పైగా అమ్ముడైంది, రెండు సీక్వెల్స్ కూడా వచ్చాయి. 2013 మార్చిలో తప్పింది కంపెనీ ముందుగా వేసుకున్న లెక్క: 50 నుంచి 60 లక్షలు అమ్ముతాం అని.

ఇలాంటి వార్తలు ఇప్పుడు మూడు నెలలకోసారి వస్తున్నాయి. "లక్షల్లో అమ్మారు, అయినా నిరాశే", "రికార్డు అమ్మకాలు, అయినా స్టూడియో మూత". చదివి కొందరు కంపెనీని తిడతారు, కొందరు గేమ్‌ని తిడతారు, షేరు కొన్నవాళ్లు టెన్షన్ పడతారు. ఇవన్నీ పది నిమిషాల్లో మీరే తేల్చుకోగల విషయాలు, అకౌంటింగ్ చదివి ఉండక్కర్లేదు. గేమ్స్ ఆడేవాళ్లకి, గేమింగ్ షేర్లలో చిన్న మొత్తం పెట్టినవాళ్లకి, హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో గేమ్ స్టూడియోలో చేరాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

మన సినిమా ట్రేడ్ వార్తలు ఫాలో అయ్యేవాళ్లకి సగం పని అయిపోయినట్టే. ప్రీ రిలీజ్ బిజినెస్ 80 కోట్లు చేసిన సినిమాకి 60 కోట్ల షేర్ వస్తే ఫ్లాప్ అంటాం, 10 కోట్లకి అమ్మిన చిన్న సినిమాకి 20 కోట్లు వస్తే బ్లాక్‌బస్టర్ అంటాం. ఏ సినిమాకి ఎక్కువమంది వెళ్లారన్నది అక్కడ ప్రశ్నే కాదు. గేమ్స్‌లో కూడా మొదలు ఇక్కడే, కాకపోతే ఈ పోలిక ఒకచోట పనిచేయదు, అది కింద చెప్తాను.

ముందు చూడాల్సింది: ఎవరి అంచనా?

"అంచనాలకు తగ్గట్టు లేదు" అన్న మాట కనపడగానే ఆగి, ఎవరి అంచనాలో వెతకండి. నాలుగు రకాలుంటాయి, వార్తలు రాసేవాళ్లు నాలుగింటికీ ఒకే మాట వాడేస్తారు. ఒకటి, కంపెనీ లోపల వేసుకున్న అమ్మకాల లెక్క. ఇది మామూలుగా బయటికి రాదు, టూంబ్ రైడర్ విషయంలోలాగా నష్టానికి కారణం చెప్పుకోవాల్సి వచ్చినప్పుడే బయటపడుతుంది. రెండోది గైడెన్స్, అంటే ఈ క్వార్టర్‌లో, ఈ ఏడాదిలో ఇంత వస్తుందని లిస్టెడ్ కంపెనీ అధికారికంగా చెప్పే అంకె. మూడోది బ్రోకరేజీల్లో కూర్చున్న అనలిస్టులు వేసిన లెక్కల సగటు. నాలుగోది షేరు ధరలో కూర్చున్న ఆశ. దానికి కాగితం ఉండదు, సంతకం ఉండదు, అన్నిటికన్నా ఎక్కువ గొడవ చేసేది మాత్రం అదే.

ఆ నాలుగోదానికి 2016 జూలై చూడండి. పోకెమాన్ గో వచ్చింది, ప్రపంచమంతా ఫోన్లు పట్టుకుని వీధుల్లో తిరిగింది, రెండు వారాల్లోపే నింటెండో షేరు రెట్టింపు దాటింది. గేమ్ చేసింది నియాంటిక్ అనే వేరే కంపెనీ. పోకెమాన్ పాత్రల హక్కులు చూసుకునే పోకెమాన్ కంపెనీలో నింటెండోకి ఉన్న ఓటింగ్ వాటా 32 శాతం. జూలై 22న నింటెండో ఒక చిన్న ప్రకటన ఇచ్చింది: దీనివల్ల మా లాభాల మీద ప్రభావం పరిమితంగానే ఉంటుంది, మా ఫోర్‌కాస్ట్ మార్చట్లేదు అని. సోమవారం మార్కెట్ తెరవగానే షేరు కుప్పకూలింది, ఆ రోజు పడింది దాదాపు 18 శాతం. గేమ్ ఆడేవాళ్లు అప్పటికీ కోట్లలో ఉన్నారు. కొన్నవాళ్లు ఎవరి గేమో చూసుకోలేదు, అంతే. ఆ 32 శాతం సంగతి దాచిపెట్టిందేమీ కాదు కూడా.

గైడెన్స్ చదివేటప్పుడు కంపెనీ స్వభావం తెలిసి ఉండాలి. నింటెండో మామూలుగా ఆచితూచి చెప్తుంది. 2025 జూన్ 5న స్విచ్ 2 విడుదలైతే, 2026 మార్చితో ముగిసే ఏడాదికి కోటిన్నర అమ్ముతాం అంది, నవంబర్ వచ్చేసరికి దాన్ని కోటీ 90 లక్షలకు పెంచింది. అలాంటి కంపెనీ అంచనా దాటిందన్నది పెద్ద వార్త కాదు, తప్పితేనే వార్త. కొన్ని కంపెనీలు దీనికి పూర్తిగా ఉల్టా, ఏడాది మొదట్లో ఘనంగా చెప్పి జనవరిలో తగ్గిస్తుంటాయి. ఏ కంపెనీ ఏ రకమో తెలుసుకోవడానికి గత మూడేళ్ల ఫోర్‌కాస్టులూ అసలు ఫలితాలూ పక్కపక్కన పెట్టి చూడండి, కంపెనీ వెబ్‌సైట్‌లో ఇన్వెస్టర్ రిలేషన్స్ అనే పేజీలో అన్నీ పీడీఎఫ్‌లుగా దొరుకుతాయి. స్క్వేర్ ఎనిక్స్, క్యాప్‌కామ్, నింటెండో, ఈఏ (ఎలక్ట్రానిక్ ఆర్ట్స్), టేక్ టూ, యూబీసాఫ్ట్, ఇన్నిటికీ ఆర్థిక సంవత్సరం మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి, కాబట్టి ఆ విషయంలో తికమక లేదు.

ఆ అంకె దేన్ని లెక్కపెడుతోంది?

నా దృష్టిలో ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. కాపీలు అమ్మడం, దుకాణాలకి పంపడం, ఆటగాళ్లు చేరడం, ఇవి మూడు వేరు. షిప్‌మెంట్ అంటే షాపు అరల్లోకి చేరినవి, మీ ఇంట్లోకి కాదు. "ఆటగాళ్లు" అన్న మాటలో సబ్‌స్క్రిప్షన్ మీద ఒక పూట ఆడి తీసేసినవాడు కూడా ఉంటాడు. 2025 మార్చి 20న వచ్చిన అసాసిన్స్ క్రీడ్ షాడోస్‌కి వారంలో 30 లక్షల మంది ఆటగాళ్లు అని యూబీసాఫ్ట్ గర్వంగా చెప్పింది. ఎన్ని కాపీలు అమ్ముడయ్యాయో అందులో లేదు. కంపెనీ కాపీల నుంచి ఆటగాళ్లకి మాట మార్చిందంటే, కాపీల అంకె చెప్పుకునేంత గొప్పగా లేదేమో అని కాస్త అనుమానించండి. ప్రతిసారీ నిజం కాకపోవచ్చు, అనుమానానికి డబ్బులైతే ఖర్చవ్వవు.

2025 జనవరిలో ఈఏ చేసిన ప్రకటన అయితే పాఠంలా చదవాలి. డ్రాగన్ ఏజ్: ది వెయిల్‌గార్డ్‌కి ఆ క్వార్టర్‌లో దాదాపు 15 లక్షల మంది ఆటగాళ్లు వచ్చారు, మా అంచనా కన్నా దాదాపు 50 శాతం తక్కువ అంది. ఏడాది నెట్ బుకింగ్స్ గైడెన్స్‌ని 750 - 780 కోట్ల డాలర్ల నుంచి 700 - 715 కోట్లకు దించింది. మర్నాడు షేరు దాదాపు 17 శాతం పడింది. హెడ్‌లైన్లన్నీ డ్రాగన్ ఏజ్ మీదే, ఆ గేమ్ మీద ముందునుంచీ కోపం ఉన్నవాళ్లకి పండగ. అదే ప్రకటనలో ఇంకో వాక్యం ఉంది: తగ్గిన మొత్తంలో అత్యధిక భాగం ఫుట్‌బాల్ వ్యాపారం వల్ల అని. ఏటా వచ్చే ఫుట్‌బాల్ గేమ్ ఈఏకి పాడిగేదె, అది కాస్త తక్కువ పాలిచ్చినా లోటు ఏ డ్రాగన్ వల్లా అంత రాదు. అందుకే వార్త చదివాక అసలు ప్రెస్ రిలీజ్ తెరిచి, ఏ గేమ్ ఎంత తగ్గించిందో చూడండి.

నెట్ బుకింగ్స్ అన్న మాట భయపెట్టేలా ఉంటుంది కానీ సంగతి చిన్నదే. ఆన్‌లైన్ గేమ్ కొన్నప్పుడు మీరిచ్చిన డబ్బుని అకౌంటింగ్ నియమాల ప్రకారం కంపెనీ కొన్ని నెలల మీద పరిచి ఆదాయంగా చూపించాలి. అలా పరచకుండా ఈ మూడు నెలల్లో ఎంత అమ్మారో చెప్పేది నెట్ బుకింగ్స్. ఇన్వెస్టర్లు దీన్నే చూస్తారు, మీరూ దీన్నే చూడండి.

ఖర్చు లెక్క వేసుకోండి, ఉజ్జాయింపుగా అయినా

బడ్జెట్లు కంపెనీలు మామూలుగా చెప్పవు. ఒకసారి మాత్రం పొరపాటున బయటపడ్డాయి. 2023 జూన్‌లో మైక్రోసాఫ్ట్ యాక్టివిజన్‌ని కొనే డీల్ మీద అమెరికాలో కేసు నడుస్తున్నప్పుడు సోనీ ఇచ్చిన పత్రాల్లో అంకెల మీద మార్కర్ పెన్నుతో నల్లగా కొట్టేశారు, స్కాన్ చేస్తే కింద అక్షరాలు కనపడిపోయాయి. ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2కి 22 కోట్ల డాలర్లు, హొరైజన్ ఫర్బిడెన్ వెస్ట్‌కి 21.2 కోట్ల డాలర్లు.

ఇప్పుడు కాగితం తీయండి. గేమ్ ధర 70 డాలర్లు. పీసీ గేమ్స్ అమ్మే స్టీమ్ లాంటి స్టోర్ మామూలుగా 30 శాతం తీసుకుంటుంది (కోటి డాలర్లు దాటాక 25, ఐదు కోట్లు దాటాక 20 శాతం, అంటే పెద్దవాళ్లకి కాస్త చవక). 30 శాతం పోతే చేతికి 49 డాలర్లు. 20 కోట్ల డాలర్ల ఖర్చు రావాలంటే దాదాపు 41 లక్షల కాపీలు పూర్తి ధరకి అమ్మాలి. పబ్లిసిటీకి ఇంకో పది కోట్లు పెట్టారనుకుంటే 61 లక్షలు. ఇందులో పన్నులు లేవు, డిస్కౌంట్లు లేవు, రిటైల్ షాపు వాటా లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ డబ్బు నాలుగైదేళ్లు ఇరుక్కుపోయి ఉంది, అంతకాలం అదే డబ్బు వేరేచోట పెడితే ఏమొచ్చేదో అన్న లెక్క కూడా ఇన్వెస్టర్ మనసులో నడుస్తుంటుంది. పెట్టుబడి తిరిగి రావడం వాళ్లకి విజయం కాదు, వేరేచోట వచ్చేదానికన్నా ఎక్కువ రావాలి. "లాభం వచ్చింది కదా, ఇంకేం కావాలి?" అని మనం అడిగే ప్రశ్నకి వాళ్ల జవాబు ఇదే. నచ్చినా నచ్చకపోయినా.

దీనికి అటు చివర 2025 ఏప్రిల్ 24న వచ్చిన క్లేర్ అబ్స్క్యూర్: ఎక్స్‌పెడిషన్ 33. ఫ్రాన్స్‌లోని శాండ్‌ఫాల్ అనే స్టూడియో, ప్రధాన టీమ్ ముప్పై మంది చిల్లర, బయటి నుంచి సాయం చేసినవాళ్లు ఇంకొందరు. 33 రోజుల్లో 33 లక్షల కాపీలు. టూంబ్ రైడర్ మొదటి నెల అంకె గుర్తుందా? దాదాపు అంతే. అక్కడ ప్రెసిడెంట్ దిగిపోయారు, ఇక్కడ ఏడాది పొడవునా సంబరాలు.

సినిమా పోలిక తెగేచోటు

సినిమాకి థియేటర్లో మూడు వారాలు దాటితే కథ దాదాపు అయిపోయినట్టే. గేమ్ పదేళ్లు అమ్ముడవుతుంది. 70 డాలర్లకి వచ్చింది 40కి, 20కి, పండగ సేల్‌లో 10కి దిగుతూ, కొత్త కన్సోల్ వచ్చినప్పుడల్లా మళ్లీ లేస్తుంది. ఇన్వెస్టర్ మాత్రం మూడు నెలల కిటికీలోంచి చూస్తాడు. గొడవంతా ఈ రెండు కాలాల మధ్య తేడాలోనే. 2013 మార్చి 31తో లెక్కలు మూసేయాల్సిన కంపెనీకి మార్చి 5న వచ్చిన గేమ్ సంపాదించి పెట్టడానికి నాలుగు వారాలే ఉన్నాయి. విడుదల తేదీకీ ఆర్థిక సంవత్సరం ముగింపుకీ మధ్య ఎన్ని రోజులున్నాయో ఎప్పుడూ చూడండి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో హడావుడిగా వచ్చే గేమ్స్ ఎందుకన్ని ఉంటాయో కూడా అప్పుడు కాస్త అర్థమవుతుంది.

క్యాప్‌కామ్ ఈ తోక అమ్మకాల (విడుదలయ్యాక ఏళ్ల తరబడి సాగేవాటి) మీద బతకడం బాగా నేర్చుకుంది. పది లక్షలు దాటిన ప్రతి గేమ్ పేరూ, అంకే వాళ్ల సైట్‌లో ప్లాటినం టైటిల్స్ అన్న జాబితాలో పెడుతుంది, చూడటం అలవాటు చేసుకోండి. 2025 ఫిబ్రవరి 28న వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ మూడు రోజుల్లో 80 లక్షలు, నెలలో కోటి దాటింది. తర్వాతి మూడు నెలల్లో? 4 లక్షల 77 వేలు. భయంకరమైన జారుడు, పీసీలో సరిగా నడవట్లేదన్న ఫిర్యాదులు దాన్ని వెంటాడాయి. అయినా ఆ క్వార్టర్‌లో కంపెనీ లాభం పెరిగింది, పాత గేమ్స్ అమ్మకాలు మోశాయి. మొదటి వారం అంకె చూసి చప్పట్లు కొట్టినా, రెండో క్వార్టర్ అంకె చూసి గుండెలు బాదుకున్నా సగమే చదివినట్టు.

షేరు పడితే గేమ్ పోయినట్టేనా

సైబర్‌పంక్ 2077 తీసుకోండి. 2020లోనే మూడుసార్లు వాయిదా పడి డిసెంబర్ 10న వచ్చింది. ముందస్తు ఆర్డర్లే 80 లక్షలు, వాటితోనే తయారీ, ప్రచారం ఖర్చులు వచ్చేశాయని గేమ్ చేసిన సీడీ ప్రాజెక్ట్ చెప్పింది. నెలాఖరుకి కోటీ 37 లక్షలు అమ్మింది. ఏ లెక్కన చూసినా వాణిజ్యపరంగా భారీ హిట్. పాత కన్సోళ్లలో గేమ్ ఘోరంగా నడిచింది, సోనీ తన స్టోర్ నుంచే తీసేసింది, షేరు నేలకి దిగింది. అంటే షేరు ధర ఆ గేమ్‌కి వచ్చిన డబ్బుని చూడట్లేదు, ఈ కంపెనీ తర్వాతి గేమ్‌ని జనం కళ్లు మూసుకుని ముందే కొంటారా అన్నది చూస్తోంది. తర్వాత మూడేళ్లు రిపేర్లు చేశారు, 2024 నవంబర్‌కి 3 కోట్లు దాటింది.

టేక్ టూ ఇంకా విచిత్రం. దాని జీటీఏ 6 (గ్రాండ్ థెఫ్ట్ ఆటో) ఒక్క కాపీ కూడా అమ్మకముందే దాని మీద ఆశ షేరు ధరలో ఉంది. 2025 చివర్లో అన్నది 2026 మే 26కి, మళ్లీ నవంబర్ 19కి జరిపారు, ప్రకటించిన రెండుసార్లూ షేరు తగ్గింది. రేపు అది రికార్డులన్నీ బద్దలుకొట్టినా షేరు పెరుగుతుందని గ్యారంటీ లేదు, ఆ రికార్డుని ముందే కొనేసుకున్నవాళ్లు చాలామంది.

ఇంత చెప్పానని ప్రతి ఫ్లాప్‌నీ వెనకేసుకురాకండి. సోనీ కాన్‌కార్డ్ 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6న మూతపడింది, కొన్నవాళ్లందరికీ డబ్బు వెనక్కిచ్చారు. దాంట్లో చదవడానికేమీ లేదు. అలాగే అదే ఏడాది సూసైడ్ స్క్వాడ్ గేమ్ వల్ల వార్నర్ 20 కోట్ల డాలర్ల నష్టం రాసుకుంది. అక్కడ ఒక్క సంగతి మాత్రం: ముందటేడాది అదే కంపెనీకి హాగ్వార్ట్స్ లెగసీ 2 కోట్ల 20 లక్షలు అమ్ముడైంది, కాబట్టి ఏ గేమ్ వచ్చినా పోల్చితే చిన్నగానే కనపడేది. "గతేడాదితో పోలిస్తే ఇంత శాతం తగ్గింది" అని ఉంటే గతేడాది ఏమొచ్చిందో చూసుకోండి.

సబ్‌స్క్రిప్షన్ గేమ్స్ విషయంలో ఈ పద్ధతులేవీ సరిగా పనిచేయవు. హై ఫై రష్ 2023 జనవరిలో మైక్రోసాఫ్ట్ చందా సర్వీసు గేమ్ పాస్‌లో వచ్చింది, అన్ని కొలమానాల్లోనూ హిట్ అని ఎక్స్‌బాక్స్ మార్కెటింగ్ అధికారి బాహాటంగా అన్నారు. 2024 మేలో మైక్రోసాఫ్ట్ ఆ స్టూడియో టాంగో గేమ్‌వర్క్స్‌ని మూసేసింది, తర్వాత కొరియా కంపెనీ క్రాఫ్టన్, మనకి బీజీఎంఐతో తెలిసినదే, దాన్ని తీసుకుంది. పెద్ద కంపెనీ కడుపులో ఉన్న స్టూడియోకి అంచనా ఏమిటో బయటివాళ్లకి తెలిసే దారి లేదు. పొగడ్తని లెక్కగా తీసుకోకండి.

మన దగ్గర

మన మార్కెట్లో గేమింగ్ షేరు అంటే చాలామందికి నజారా టెక్నాలజీస్. 2021 మార్చిలో 1,101 రూపాయలకి ఐపీఓ, దాదాపు 175 రెట్లు సబ్‌స్క్రైబ్ అయింది, లిస్టింగ్ రోజు 1,990 దగ్గర తెరుచుకుంది. తర్వాత బోనస్ షేర్లు, స్ప్లిట్ జరిగాయి కాబట్టి అప్పటి ధరనీ ఇప్పటి ధరనీ నేరుగా పోల్చి కంగారుపడకండి. 2025 ఆగస్టులో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్స్‌ని నిషేధిస్తూ కేంద్రం చట్టం తెచ్చినప్పుడు ఈ షేరు గట్టిగా పడింది. డబ్బుతో పేకాట ఆడించే పోకర్‌బాజీని నడిపిన కంపెనీలో అప్పటికి నజారాకి దాదాపు 46 శాతం వాటా ఉంది, దాని ఆదాయం మాత్రం నజారా ఆదాయంలో కలిసేది కాదు. పోకెమాన్ గో దగ్గర అడిగిన ప్రశ్నే ఇక్కడ కూడా: ఎవరి గేమ్, వాటా ఎంత, ఏ లెక్కలో పడుతుంది? ఆదాయంలో కలవకపోయినా పెట్టిన పెట్టుబడి విలువ పోతుంది కదా, అది మరో వరసలో కనపడుతుంది. రమ్మీ మీద తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే నిషేధం పెట్టాయి, కాబట్టి ఈ రిస్కు ఆకాశం నుంచి ఊడిపడిందేమీ కాదు.

స్టూడియోలో చేరబోయేవాళ్లకి ఒక ముక్క. ఇంటర్వ్యూలో "మీ గేమ్ హిట్టా?" అని అడిగితే ఏమీ తెలియదు. ఈ ప్రాజెక్ట్ ఏ ఆర్థిక సంవత్సరంలో విడుదల, డబ్బు ఎవరు పెడుతున్నారు, పెట్టినవాళ్ల గత ఏడాది గైడెన్స్ తప్పిందా అన్నవి చూసుకోండి, మొదటిది అడగొచ్చు, మిగతా రెండూ మీరే వెతుక్కోవచ్చు.

హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసున్న ఈఏ సంగతే చూడండి. 2025 సెప్టెంబర్ 29న సౌదీ ప్రభుత్వ పెట్టుబడి నిధి పీఐఎఫ్, ప్రైవేట్ పెట్టుబడి సంస్థలు సిల్వర్ లేక్, అఫినిటీ పార్ట్‌నర్స్ కలిసి దాన్ని 5,500 కోట్ల డాలర్లకి, షేరుకి 210 డాలర్ల చొప్పున కొంటామని ప్రకటించాయి. అందులో 2,000 కోట్ల డాలర్లు అప్పు. పదకొండు రోజులకి ఈఏ గేమ్ బ్యాటిల్‌ఫీల్డ్ 6 వచ్చి మూడు రోజుల్లో 70 లక్షలు అమ్మింది, మామూలు రోజుల్లో అయితే షేరు ఎగరాలి, ఎగరడానికి చోటేదీ, 210 అని ముందే రాసేసుకున్నారుగా. ఇలా కంపెనీ ప్రైవేట్ అయ్యాక షేరు ఉండదు, అనలిస్టుల సగటు ఉండదు, పైన చెప్పిన పద్ధతుల్లో సగం పక్కన పెట్టాల్సిందే. అప్పుడు చూడాల్సిన అంకె ఏటా కట్టాల్సిన వడ్డీ, దానికి ఎంత మిగలాలి, ఆ మిగులు ఫుట్‌బాల్ నుంచి వస్తుందా, లేక ఆఫీసులు తగ్గించడం నుంచా అన్నది.